బ్రేకు లేని మామగారు

పొద్దున్నే కోడలు సైకిలును వరండాలో తలకిందులుగా నిలబెట్టింది. వీధి చివర వెలోడ్రోమ్ ఉంది, గిన్నెలా అంచులు పైకి లేచిన సైకిలు పందేల ట్రాకు. పది గంటలకు అక్కడ జట్టు ఎంపిక. వయసు లెక్కన ఆమెకిదే ఆఖరి అవకాశం. ఇన్నాళ్ళూ రోడ్డు మీద తిరిగిన ఆ సైకిలుకు బెల్లు, మడ్‌గార్డులు, చివరికి బ్రేకులు కూడా విప్పి బల్ల మీద పెట్టి, బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

మామగారు బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. బ్రేకు తొక్కి చూడనిదే బండి కదిలించి ఎరగరు. బల్ల మీది బ్రేకులు ఆయన కంటబడ్డాయి. పిచ్చిపిల్ల, కంగారులో మరిచిపోయిందనుకుని అన్నీ మళ్ళీ శుభ్రంగా బిగించేశారు.

"ఎంత పని చేశారు మామయ్యగారూ! బ్రేకులుంటే ట్రాకు మీదికి రానివ్వరు!"

"చోద్యం! మాకు బ్రేకు లేకపోతే డిపో గేటే దాటనిచ్చేవారు కాదమ్మా!"

"అక్కడ ఒకరి వెనక ఒకరు అంటుకుని పోతారండీ. ఒకరు టక్కున ఆపితే వెనకవాళ్ళంతా మీద పడతారు."

తప్పు తనదే గనక మామగారే మళ్ళీ అన్నీ విప్పారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ తన చెయ్యి పడిన బండిని ఓసారి నడిపి చూడకుండా అప్పగించడానికి ఆయన మనసొప్పలేదు. వీధిలోకి దించి ఎక్కారు.

అదేమో చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరిగే సైకిలు. పైగా వీధి పల్లం.

"ఆగండి మామయ్యగారూ!" హెల్మెట్ పెట్టుకుని కోడలు వెంటపడింది.

"నేను ఆగానే తల్లీ! కాళ్ళే పోతున్నాయి!"

పక్కింటావిడకు ఈ మాటలు వినపడలేదు. కనపడింది చాలు. "అయ్యో, పెద్దాయన ఇల్లొదిలి పోతున్నాడర్రా! కోడలు తరుముతోంది చూడండి!"

చీపురున్నావిడ చీపురుతో, గడ్డం గీసుకుంటున్నాయన సగం గడ్డంతో, వీధి వీధంతా పరుగందుకుంది.

మామగారు తెరిచి ఉన్న గేటులోంచి సరాసరి ట్రాకు మీదికి పోయి, అంచు ఎక్కి, వేగం తగ్గి, ముగ్గిన పండులా రిఫరీ చేతుల్లో పడ్డారు. రిఫరీ ముందుగా సైకిలును తడిమి చూశాడు.

"బ్రేకు లేదు, బెల్లు లేదు. బండి భేషుగ్గా ఉంది. మనిషే పనికిరాడు."

"మనిషిని నేను!" అంది కోడలు రొప్పుతూ.

పరుగుతో ఒళ్ళు బాగా వేడెక్కిందేమో, ఎంపిక పందెంలో అందరికన్నా ముందొచ్చింది. జట్టులో చోటూ దొరికింది. తిట్టడానికి వెంటొచ్చిన వీధే ఈలలు వేసింది.

సాయంత్రం పక్కింటావిడ ఆమెను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది. "ఎంత కోపమున్నా అమ్మాయ్, ఈసారి వెళ్ళగొట్టేటప్పుడు పెద్దాయనకు బ్రేకులున్న సైకిలివ్వు."