యజమాని వచ్చారు, తప్పుకోండి

తొమ్మిదింటికి అంత్యక్రియల మందిరం చేరాలి, జపపెట్టెను వేదిక మీద పెట్టాలి, పదకొండున్నరకల్లా ఆఫీసులో ఉండాలి. ఆ ఉదయం కో పెయ్-రోంగ్ వేసుకున్న పథకం అంతే.

జపపెట్టె అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే బుద్ధుడి నామం జపిస్తూ ఉంటుంది. షిన్‌చూ నగరంలోని ఒక చిన్న కంపెనీలో దాని లోపలి ప్రోగ్రాం రాసేది పెయ్-రోంగే. పద్నాలుగేళ్లుగా ఆ పెట్టెకు ఏ ఇబ్బంది వచ్చినా కీచుమనేది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అర్థం కావాలంటే పుస్తకం తెరవాలి. కంపెనీ పెట్టిన చుంగ్ పెద్దాయనకు అది గిట్టేది కాదు. "మనిషి మాటల్లో చెప్పించమ్మా, నేను పిట్టల భాష చదువుకోలేదు" అనేవాడు.

ఆమె ఇరవై మూడు వాక్యాలు రాసి రికార్డు చేయించింది. పెద్దాయన కోరిక మీద ఒక నియమం కూడా పెట్టింది: యజమాని ఫోన్ దగ్గరికొస్తే, అప్పటికే కలిసి ఉన్న ఫోన్‌ని తప్పించి దానికే చోటివ్వాలి. అలా మాట్లాడే మొదటి పెట్టెకు యజమాని పెద్దాయనే.

ఆయన పోయిన మూడో రోజే కొడుకు, మేనేజర్ చుంగ్, తేల్చేశాడు. "జనానికి కూతలు అలవాటయ్యాయి. నాన్న కార్యం అయ్యాక నీ వాక్యాలు తీసేద్దాం. నీ సంగతీ అప్పుడే చూద్దాం."

పెద్దాయన భార్య మాత్రం ఆ పెట్టే మోగాలని పట్టుబట్టింది. ఈ ఒక్క పూట పెట్టె నోరు జారకుండా ఉంటే తన ఉద్యోగం నిలవొచ్చని పెయ్-రోంగ్ ఆశ.

పదీ ఇరవై. కార్యం నడిపించే పెంగ్ ముందుకొచ్చాడు. "పదీ నలభైకి శవపేటిక మూత పడాలి. దాటితే మళ్లీ నాలుగు రోజుల దాకా ముహూర్తం లేదు. అప్పటిదాకా జపం ఆగకూడదు. గుర్రం సంవత్సరంలో పుట్టినవాళ్లకి ఈ ముహూర్తం అచ్చిరాదు, గోడవైపు తిరగండి. మూత బిగించేదాకా ఇటు చూడకూడదు."

పెయ్-రోంగ్ పుట్టింది గుర్రం సంవత్సరంలోనే. తిరిగింది. ఇక ఆమెకు మిగిలింది గోడ, చేతిలో జపం నడిపిస్తున్న ఫోన్.

వెనక మేనేజర్ శవపేటిక మీదికి వంగి తండ్రిని చివరిసారి చూసుకున్నాడు. జపం ఠక్కున ఆగింది. స్పష్టమైన ఆడగొంతు మందిరమంతా వినిపించింది.

"యజమాని వచ్చారు. మిగతావారు తప్పుకోండి."

నలభై కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. ఎవరో మోకాళ్ల మీద పడ్డారు.

పెయ్-రోంగ్ తన ఫోన్‌ని మళ్లీ కలపబోయింది.

"ఇప్పటికే మరొకరితో జత కుదిరింది. మీకు చోటు లేదు."

"ఎవరితో?" అంది పెద్దాయన భార్య.

కొన్ని కుర్చీలు మళ్లీ కిర్రుమన్నాయి.

"నలభై ఆరేళ్లు కాపురం చేశాను. ఎవరితో అని అడుగుతున్నాను."

"పెయ్-రోంగ్, ఆపు దాన్ని!" మేనేజర్ గొంతు పళ్ల మధ్య నుంచి వచ్చింది.

"నేను అటు తిరగకూడదండీ. మీట పెట్టె వెనకాల ఉంది, మీరే నొక్కండి."

"ఎవరూ ముట్టుకోవద్దు!" అంది ఆవిడ. "సగం మాట చెప్పించి ఆయన నోరు మూయిస్తారా? పూర్తిగా చెప్పనివ్వండి."

పెంగ్ గడియారం చూసుకుని రెండు నాణేలు తీశాడు. "ఆయన్నే అడుగుదాం. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే మూతకు ఒప్పుకున్నట్టు." నాణేలు నేల మీద ఖంగుమన్నాయి. రెండూ బొరుసే. సరిగ్గా అప్పుడే పెయ్-రోంగ్ మూడోసారి నొక్కింది.

"అంగీకారం రాలేదు. దగ్గరికి వచ్చి మళ్లీ ప్రయత్నించండి."

నలభై మందీ దగ్గరికి వచ్చారు.

పదీ ముప్పై మూడు. "ఆవిడెవరో తేలేదాకా మూత పడటానికి వీల్లేదు" అంది పెద్దాయన భార్య. ఆ గొంతులో కోపం లేదు. అదే పెయ్-రోంగ్‌ని భయపెట్టింది. ఉద్యోగం పోతే పోయింది, ఇలాంటి అనుమానంతో ఆయన్ని సాగనంపడం న్యాయం కాదనుకుంది.

"అమ్మగారూ, అవి పెద్దాయన మాటలు కావు," అంది గోడతోనే. "నేను రాసినవి. పెట్టెకి వేరే ఫోన్ ఏదో కలిసింది. జత అంటే అంతే. ఆ ఫోన్ పేరు నాకు కనిపిస్తుంది."

"చదువమ్మాయ్. పడిపోతానని భయపడకు, కూర్చునే ఉన్నాను."

పెయ్-రోంగ్ ఫోన్ తెర మీద వెతికింది. రెండుసార్లు చదువుకుంది.

"చుంగ్ వెన్-ఖ్వెయ్ గారి ఫోన్. పెట్టెకి మీటరు దూరంలో ఉంది."

చుంగ్ వెన్-ఖ్వెయ్ అంటే పెద్దాయనే. పెట్టెకి మీటరు దూరంలో ఉన్నది శవపేటిక ఒక్కటే. ఇందాక దాని మీదికి వంగింది కొడుకొక్కడే.

అందరి చూపులూ మేనేజర్ మీద వాలి ఉంటాయని గోడవైపు తిరిగి నిలబడ్డ ఆమెకు కూడా తెలిసింది.

"మేనేజర్ గారూ," అన్నాడు పెంగ్ మెల్లగా. "బ్యాటరీ ఉన్నదేదీ లోపల పెట్టబోమని పొద్దున సంతకం చేశారు కదా? దహనంలో అది పేలితే ఏమయ్యేది?"

"నాన్న ఏనాడూ దాన్ని వదిలి ఉండలేదు..."

"కనీసం ఆఫ్ చేసి పెట్టలేకపోయావా?" అంది తల్లి.

"ఆన్ చేసే అంకెలు నాన్నకి ఎప్పుడూ గుర్తుండేవి కావమ్మా."

పెంగ్ ఫోన్ బయటికి తీసి ఆఫ్ చేశాడు. పెట్టె చివరిసారి నోరు విప్పింది.

"యజమాని సెలవు తీసుకున్నారు. ఇక మిగతావారు జత కావచ్చు."

పెద్దాయన భార్య లేచి శవపేటిక అంచు పట్టుకుంది. "విన్నానండీ," అంది. "మళ్లీ జత కుదుర్చుకునే ఓపిక నాకిక లేదు."

జపం మళ్లీ మొదలైంది. పెంగ్ నాణేలు మళ్లీ వేశాడు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు. పదీ ముప్పై తొమ్మిదికి మూత పడింది.

సోమవారం మేనేజర్ ఒక కాగితం పట్టుకుని పెయ్-రోంగ్ బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె అప్పటికే సామాను సగం సర్దేసింది.

"సర్దినవి తీసి మళ్లీ బల్లలో పెట్టు," అన్నాడు ఆమె ముఖం చూడకుండా. "పెంగ్ గారు తాను కార్యాలు చేయించే మందిరాలన్నిటికీ నీ పెట్టెలే కావాలంటున్నారు. వాక్యాలతో సహా."

ఆ కాగితం మీద షరతు ఒక్కటే రాశాడు పెంగ్: పెట్టె మాట్లాడవచ్చు గానీ, ఇంత బాగా అర్థం కాకూడదు.