ఎండడానికి అనుమతి

మంగళవారం ఉదయం పదకొండూ పదికి నూనెచెట్ల పరిశోధన కేంద్రం షెడ్డులో, నలభై కుండీల మీదికి మూడు ట్యాంకర్ల నీళ్లు వదిలారు. ఆ ఆయిల్‌పామ్ మొక్కలకు నీళ్లు పోయకుండా చూడడమే అక్కడ పది రోజులుగా సాగుతున్న ప్రయోగం.

మొక్కకు నీళ్లు ఎవరైనా పోస్తారు. పోయకుండా ఉండడానికే వ్యవస్థ కావాలి.

నీటికి కరువొచ్చినప్పుడు ఈ చెట్లలో ఒకే పోలిక ఉన్న జన్యువులు కొన్ని మేల్కొని చెట్టును కాపాడతాయి. ఏది ముందు లేస్తుందో తేల్చే పని ఒప్పందం మీద పనిచేస్తున్న ఒక పరిశోధకురాలిది. శుక్రవారానికి ఫలితం ఇస్తే ఉద్యోగం ఉంటుంది. లేకుంటే ఊడుతుంది.

మొదటి రోజే ఆమె నీటి విభాగం అధికారిని కలిశారు.

“పన్నెండు రోజులు వీటికి చుక్క నీరు పోయకూడదు సార్.”

“ఏమ్మా, వాటి మీద ఏమన్నా పగా?”

“దాహం వేస్తేనే ఆ జన్యువులు లేస్తాయి సార్.”

“మా సెక్షన్లోనూ అంతే. టీ వస్తేనే లేస్తారు.”

అనుమతి వచ్చింది. దాన్ని నీటి విభాగం యాప్‌లో ఎక్కించాలి. ‘ఈరోజు పోయవలసిన లీటర్లు’ అనే గడి సున్నాను ఒప్పుకోదు. ఖాళీగా వదిలేయమన్నారు అధికారి. ఖాళీగా వదిలితే నీళ్లు పోయడం మరిచినట్టు లెక్క (నిబంధన 14, మొక్కల దాహ నివారణ). మరిచిన కొద్దీ మర్నాటి కోటా రెట్టింపవుతుంది. మొదటి రోజు నలభై లీటర్లు. పదో రోజుకు ఇరవై వేల నాలుగు వందల ఎనభై. ఇరవై వేలు దాటితే దగ్గరలోని ట్యాంకర్లకు ఆదేశం దానంతటదే వెళ్తుంది (యాప్‌లో ఇంతవరకు మొరాయించని భాగం ఇదొక్కటే).

ఆ ట్యాంకర్లు షెడ్డు వెనక ఆయిల్‌పామ్ తోటకు బయల్దేరినవి. అక్కడ బోరు ఎండి నెలైంది.

పరిశోధకురాలు తలుపుకు అడ్డం నిలబడ్డారు. “ఆపు బాబాయ్! ఇవి తడిస్తే నా కొంప మునుగుతుంది.”

“కొంప సంగతి తర్వాత తల్లీ, ముందు ఆ చెప్పులు చేత పట్టుకో,” అన్నాడు డ్రైవరు. “ఫోన్లో పచ్చ టిక్కు పడందే పైపు కట్టేస్తే నన్ను ఇంటికి పంపుతారు.”

పన్నెండింటికి టిక్కు పడింది. షెడ్డులో నీరు మోకాలి దాకా ఉంది.

మధ్యాహ్నం ఆమె వెనక తోటకు వెళ్లి, నెలగా నీరు చూడని పదకొండు చెట్ల ఆకులు కోసుకొచ్చారు. బుధ, గురువారాల్లో పరీక్షించారు. జన్యువులు మేల్కొన్నాయి. ఏది ముందో కూడా తేలింది. శుక్రవారం మూడింటికి ఫలితం కేంద్రం కమిటీ ముందుకు వెళ్లింది.

“బాగుందమ్మా. మరి ఈ చెట్లు ఎండడానికి అనుమతి పత్రం ఏదీ?” అన్నారు అధ్యక్షుడు.

“వాటంతట అవే ఎండాయి సార్.”

“అదే వద్దంటున్నా. ఎవరికి తోచినట్టు వాళ్లు ఎండిపోతే ఇక మేమెందుకు?”

అయిదింటికి ఆమె ఒప్పందం ముగిసింది. అయిదుంబావుకి ఆ పదకొండు చెట్లకూ సంజాయిషీ నోటీసులు అంటించారు. జవాబుకు గడువు పదిహేను రోజులు.