పాచి తీసిన పాపానికి

మీ అక్వేరియంలో పాచి పట్టిందా? గోకకండి! అది మీ చేపకు ఉద్యోగ భద్రత.

నవ్వకండి. బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లో చంద్రమౌళి ఇంట్లో జరిగింది విన్నాక నవ్వండి.

చంద్రమౌళి ఓ ఆఫీసులో సెక్షన్ సూపరింటెండెంట్. ఏ ఆఫీసో మనకెందుకు లెండి! తాతగారు రైల్వేలో చేరడానికి శ్రీకాకుళం వైపు వదిలేసి వచ్చిన సముద్రాన్ని మనవడు హాల్లోకి తెచ్చుకున్నాడు. ఐదడుగుల గాజు తొట్టి, లెక్క ప్రకారం ఉప్పు కలిపిన నీళ్లు, లోపల ప్రాణమున్న పగడాలు. రెండేళ్లుగా వాటిని కళ్లలో వత్తులు వేసుకుని సాకుతున్నాడు.

అంతలో రాళ్ల మీద పాచి పట్టింది. పచ్చటి నూగు! ఎంత మేలు చేసిందో! వచ్చినవాళ్లకు మాట్లాడటానికి ఓ విషయం దొరికింది. చంద్రమౌళికి ఇంట్లో విసుక్కోవడానికి ఒకటి దొరికింది. ఆ మేరకు భార్య ఉషారాణికి విశ్రాంతి దొరికింది. ఇలాంటి పాచిని ఎవరైనా చేతులారా పోగొట్టుకుంటారా?

ఆయన పోగొట్టుకున్నాడు. పాచి తినే ఫాక్స్‌ఫేస్ చేపను తెచ్చాడు. పసుపు ఒళ్లు, నక్క మూతి, వీపున విషపు ముళ్లు. దాన్ని పెంపుడు చేప అనుకోలేదాయన. డ్యూటీలో చేరిన స్టాఫ్ అనుకున్నాడు. పాచి తినడమే డ్యూటీ, ఆ పాచే జీతం! మిగతా చేపలకు మేత వేసేటప్పుడు ఇది రాకుండా గరిటె అడ్డం పెట్టేవాడు.

పాపం, సిన్సియర్ చేప! ఆరు వారాల్లో రాళ్లన్నీ తళతళలాడించింది.

ఆదివారం. ఉదయం ఏడు గంటలు. పగడం అంచున గాటు! ఒకటి కాదు, మూడు! చంద్రమౌళి టార్చి తెచ్చి చేప మొహాన కొట్టాడు. అది ముళ్లు నిక్కబొడుచుకుంది. పసుపు ఒంటి మీద గోధుమరంగు మచ్చలు లేచాయి.

"చూశావా ఉషా! రంగు మారింది. నేరం ఒప్పేసుకుంది!"

"మొహాన లైటు కొడితే మీరు మాత్రం రంగు మారరేటి?"

"ఛోడో! ఇవాళే గోల్ బజార్‌లో కొట్టువాడికి తిరిగిచ్చేస్తాను."

"ఆ కొట్లో చిన్న డబ్బాలో బతుకుద్దేటండీ అది?"

ఆయన వినలేదు. తన సెక్షన్ గుమాస్తా బంగార్రాజుకు ఫోన్ కొట్టాడు. ఆదివారమైనా పిలిస్తే పలికే మనిషి. వల పట్టుకుని వచ్చి, తొట్టిలోకి తేరిపార చూశాడు.

"సెయ్యెట్టకండి సార్, ముల్లు గుచ్చుకుంటే ఒకటే మంట. అయినా దీని పొట్టేటి అలా లోపలికి పోనాది? ఏటి పెడతన్నారు?"

"పెట్టడమేటి? పాచి తినాలి. అది దాని డ్యూటీ."

"అచ్ఛా. పాచెక్కడుంది సార్?"

చంద్రమౌళి ఈ చివర నుంచి ఆ చివరకు వెతికాడు. లేదు!

ఉషారాణి వంటింట్లోకి వెళ్లింది. ఏదో జపాన్ వంటకం చేద్దామని తెప్పించి మూల పడేసిన ఎండు సముద్రపు నాచు తెచ్చి, ప్లాస్టిక్ క్లిప్పుతో తొట్టి లోపలి అంచుకు తగిలించింది. చేప వచ్చింది. తింది. మళ్లీ తింది. పగడం వంక కన్నెత్తి చూడలేదు. రోజూ అలాగే పెట్టారు. వారమైనా కొత్త గాటు పడలేదు. చేప ఉద్యోగం నిలిచింది!

తర్వాతి ఆదివారం బంగార్రాజు పిలవకుండానే వచ్చాడు. ఆర్నెల్ల పెండింగ్ ఫైళ్లను రెండు నెలల్లో తేల్చేసిన మొనగాడతను. టేబుల్ ఖాళీ అయ్యేసరికి, అతను సర్‌ప్లస్ అనీ, వేరే ఊరికి పంపేయవచ్చనీ చంద్రమౌళి శుక్రవారమే నోట్ రాసి పైకి పంపాడు. ఆ కబురు అతని చెవినా పడింది. పక్క టేబుళ్లవాళ్లు ఫైళ్ల మీద దుమ్ము కూడా కదపలేదు. వాళ్ల కుర్చీలు భద్రం.

చంద్రమౌళి చేపకు నాచు తగిలిస్తూ కళ్లు తుడుచుకున్నాడు. "పని అయిపోయిందని తిండి మానిపిస్తామా ఏటి బంగార్రాజూ? నోరు లేని జీవి. ఎంత కష్టపడిందో!"

"నానూ ఎప్పుడూ నోరెత్తనేదు గద సార్!"

చంద్రమౌళి గబుక్కున వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టాడు.

"ష్! మెల్లగా మాట్లాడు. చేప బెదిరిపోద్ది."