ముహూర్తం తప్పని యంత్రం

పొడంపేటలో తవిటయ్య ఇంటిని సముద్రం తీసుకుంది. బదులుగా అంకులి పునరావాస కాలనీలో రావలసిన ఇంటిని మంత్రిగారి బావమరిది ఢిల్లీశ్వరరావు తీసుకున్నాడు. ఇందులో వాదన లేదు.

మంత్రి వైకుంఠరావుగారు బరంపురం సభలో సెలవిచ్చారు: "మిగిలిన ఒక్క ఇంటికీ సిఫార్సుల్లేవు. కంప్యూటరే లాటరీ తీస్తుంది. కంప్యూటరుకి బావమరుదులుండరు."

మీట నొక్కారు. ఢిల్లీశ్వరరావు పేరు వచ్చింది. జనం గొణిగారు. మళ్ళీ నొక్కారు. ఢిల్లీశ్వరరావే.

"చూశారా, మాట మార్చని యంత్రం" అని మంత్రిగారు మురిసిపోయారు.

ఇంజనీరు సస్మిత లోపల చూసింది. "ఆజ్ఞా" అంది, ఒడియాలో అయ్యా అన్నట్టు. "సీడ్ మారట్లేదు. యంత్రం ఏ అంకెతో మొదలెట్టాలో చెప్పేది అదే. అదే అంకె ఇస్తే అదే పేరొస్తుంది."

"అది ముహూర్తం అంకెమ్మా. సిద్ధాంతిగారూ మా బావమరిదీ కూర్చుని, ముహూర్తాలన్నీ యంత్రంలో వేసి చూసి, ఇదొక్కటే శుభమని తేల్చారు. మారిస్తే రాహుకాలంలో పడిపోద్ది."

ముందు వరసలోంచి తవిటయ్య అన్నాడు: "సంద్రంలో పడిపోయినోళ్ళం. రాహుకాలం మమ్మల్నేటి సేస్తాది బాబూ?"

జనం నవ్వారు. మంత్రిగారు ప్రజాస్వామికవాది. సరేనన్నారు. నొక్కిన ప్రతిసారీ సీడ్ మారేలా సస్మిత సరిచేసింది.

ఈసారి తెర మీద పడింది: చిన్నమ్మి, భర్త తవిటయ్య, పొడంపేట.

"నా ఇంటిదే బాబూ" అని తవిటయ్య లేచాడు.

"స్టేజీ మీదకి రమ్మను. తాళం ఇస్తూ ఫొటో తీయించుకోవాలి."

"రాదు."

"సిగ్గేటి?"

"మొన్న తుఫానుకి గోడ మీద పడి సచ్చిపోనాది. దరకాస్తు అంతకు ముందే ఎట్టింది."

మంత్రిగారు మౌనం పాటింపజేశారు. తర్వాత సస్మిత వైపు తిరిగారు. "నా ముహూర్తానికి ఎన్నిసార్లు నొక్కినా బతికున్నోడే వచ్చాడు. నీ అంకెకి పోయిన మనిషి వచ్చింది. తప్పు దేంట్లో ఉన్నట్టు?"

"ఇల్లు భర్తకి ఇవ్వచ్చు కదా, ఆజ్ఞా?"

"యంత్రం తీసిన పేరు మనం మారుస్తామా? అవినీతి కాదూ?"

పాత సీడ్ పెట్టారు. లోపం తొలగిందని ప్రకటించారు. ఢిల్లీశ్వరరావు తాళం అందుకుని దిగుతూ తవిటయ్య దగ్గర ఆగాడు.

"మావా, నాకు ఇదివరకే ఇల్లుంది కదా. ఇది అద్దెకిస్తాను, ఉంటావేటి?"

తవిటయ్య కండువా దులుపుకుని బస్సెక్కాడు. పక్క సీటు మనిషి అడిగాడు: "ఏటయ్యింది బాబాయ్, ఇల్లొచ్చిందా?"

"ఏ ఇల్లు?" అన్నాడు తవిటయ్య. "మరి నాకాడ ఆ ఊసెత్తకు."