పర్మనెంటయిన మంచం

ఇనస్పెక్టరు గారు వస్తున్నారన్న శుభవార్త, లెక్కల టీచరు అమలమ్మ టిఫిన్ గిన్నె మూత తీస్తుండగా వచ్చింది. గిన్నెలో ఉన్నవి భర్త మరియదాసు స్వహస్తాలతో మాడ్చిన దోసెలు. పెళ్లయిన కొత్త కనుక అవి ఆమెకు అద్భుతంగా ఉన్నాయి.

"వారు మీ పాఠం చూసి సంతోషిస్తే మీ ఉద్యోగం పర్మనెంటమ్మా. లేకపోతే ఏం, బి.ఎడ్. పట్టా ఎలాగూ మీ దగ్గరే ఉంటుంది" అని ధైర్యం చెప్పారు హెడ్మాస్టరు జానకిరామయ్య గారు.

పాఠం శీర్షాభిముఖ కోణాలు. రెండు గీతలు ఖండించుకుంటే ఎదురెదురు కోణాలు సమానమని ఆ పటమట బడి పిల్లలు నిద్రలో కూడా చెప్పగలరు. చాలామంది నిద్రలోనే చెప్పేవారు. చిక్కల్లా ఒకటే. పుస్తకంలో ఉన్నట్టు గీస్తేనే అవి సమానం. బొమ్మను కాస్త ఒరగదీసి గీస్తే, "ఇది మన పుస్తకంలోది కాదండీ టీచర్" అని మర్యాదగా తప్పుకునేవారు. జానకిరామయ్య గారు దీనికి తక్షణ పరిష్కారం కనిపెట్టారు. బడి ఆవరణలో ఏ గీతా ఒరగరాదని సర్క్యులరు తీశారు.

ఆ సాయంత్రం ఉయ్యూరు బస్సు దిగి వచ్చిన మరియదాసు, డాబా మీద మడత మంచం విప్పాడు. కొత్త కాపురానికి కొనుక్కున్న ఏకైక సామాను అది. గుడ్డ పరుపు, కత్తెరలా అడ్డం పడే కాళ్లు. అమలమ్మ అటే చూస్తూ నిలబడిపోయింది.

"ఏమోయ్, అలా చూస్తావేం?" అన్నాడతను సిగ్గుపడుతూ.

"కదలకండి. ఇంకొంచెం విప్పండి. ఇప్పుడు ముయ్యండి."

"పడుకోవద్దా?"

"కోణాలండీ! ఎంత విప్పినా, ఎంత మూసినా, ఎదురెదురువి సమానమే!"

"నేను కట్టుకున్నది పిల్లనా, కోణమానినా?" అని వాపోయాడు మరియదాసు.

మర్నాడు కొత్త పెళ్లికూతురు పట్టపగలు మంచంతో సహా రిక్షాలో బజారు దాటింది. బజారు తన పనులన్నీ మానుకుని ఈ సంఘటనకు తగిన గౌరవం ఇచ్చింది. తరగతిలో పిల్లలు మంచాన్ని విప్పారు, మూశారు, ఒరగదీశారు, తలకిందులు చేశారు, కోణమాని పెట్టి కొలిచారు. మధ్యాహ్నానికల్లా వాళ్లకు దర్జీ కత్తెరలో, కలిసే రోడ్లలో, కాలు మీద కాలు వేసుకున్న హెడ్మాస్టరు గారిలో కూడా సమాన కోణాలు కనిపించసాగాయి.

పరిస్థితి చేయి దాటిందని తల్లిదండ్రులు సమావేశమయ్యారు. జానకిరామయ్య గారు ఉద్వేగంతో ప్రసంగించారు. "ముప్పై ఏళ్లుగా ఈ బడిలో కోణాలు సమానంగానే ఉన్నాయి. వాటికి ఏనాడూ మంచం అవసరం పడలేదు!" చప్పట్లు మోగాయి. మంచాన్ని సైన్సు గదిలో అస్థిపంజరం పక్కన నిర్బంధించారు. అమలమ్మ ఆ రాత్రి చాప మీద, పర్మనెంటు సంగతి ఇక మరచిపోవచ్చని ఏడ్చింది.

ఇనస్పెక్టరు గారు భోజనం చేసి మరీ వచ్చారు. బోర్డు మీద స్వయంగా రెండు గీతలు గీశారు. సర్క్యులరు చదవని బోర్డు, స్టాండు కాలు జారి పక్కకు ఒరిగింది. హెడ్మాస్టరు గారు కళ్లు మూసుకున్నారు.

"మంచం ఒరిగిందండోయ్! అయినా సమానమే!" అని తరగతి అరిచింది.

"ఏ మంచం?" అన్నారు ఇనస్పెక్టరు గారు.

తెచ్చారు. వారు దాని పటుత్వం పరీక్షించడానికి కూర్చున్నారు. మరింత క్షుణ్ణంగా పరీక్షించడానికి పడుకున్నారు. గురక మొదలయ్యాక పిల్లలు మెల్లగా మంచం కాళ్ల మధ్య కోణాలు కొలిచారు. ప్రభుత్వ భారం పడి రెండు కోణాలు పెరిగాయి, రెండు తగ్గాయి గానీ, ఎదురెదురువి సమానంగానే ఉన్నాయి. సాయంత్రం లేచి వారు, "అత్యుత్తమ బోధనోపకరణం" అని రాసి వెళ్లారు.

అమలమ్మ ఉద్యోగం పర్మనెంటయింది. మంచం కూడా. అది బడి ఆస్తిగా హెడ్మాస్టరు గారి గదికి చేరింది. వారు రోజూ భోజనానంతరం దాని మీద కోణాల అధ్యయనం చేస్తున్నారు. కొత్త దంపతులకు చాపే మిగిలింది. అదీ వాళ్లకు అద్భుతంగానే ఉంది.

ఇప్పుడు తల్లిదండ్రులకు మంచమంటే గర్వమే. ఒక్కటే అనుమానం: "పరీక్షలో ఏ మంచం వస్తుందండీ?" అందుకే హెడ్మాస్టరు గారి ఈ ప్రకటన: "రేపు ప్రార్థన కాగానే అమలమ్మ టీచరు బోర్డు మీద మంచం బొమ్మ గీస్తారు. విద్యార్థులు దానిని ఉన్నది ఉన్నట్లు కంఠస్థం చేయవలెను. ఒరిగిన మంచమును గుర్తించినవారికి మార్కులు తగ్గించబడును."

తల్లిదండ్రులు తప్పక దయచేయాలి. ముందు వరుసలో మీకూ ఒక కుర్చీ వేయించారు.