గింజ ఇచ్చినవాళ్ళ పేరు

"సోమన్నా! ఒరేయ్ సోమన్నా! ఎక్కడ చచ్చావురా?"

అడవి సభాధ్యక్షుడు కోరయ్య అరుపుకి చేలో కొర్ర కంకులు కూడా తల వంచుకున్నాయి. కోరయ్య అడవిపంది. సోమన్న ఆయన దగ్గర గుమాస్తాగా ఉన్న ఎలుక. అప్పుడతను గట్టు మీద కూర్చుని, కంకులు కోస్తున్న పైడి తోక ఎండలో ఎలా మెరుస్తోందో చూస్తున్నాడు. అంతకంటే అందమైనది అడవిలో ఇంకేముందా అని ఆలోచిస్తే, పైడి మీసాలే గుర్తొచ్చాయి.

ఒక పెద్ద అడవిలో, ఈ చివర నెమలి అరిస్తే ఆ చివరివాళ్ళు మర్నాడు ఉలిక్కిపడేంత పెద్ద అడవిలో జరిగిన సంగతి ఇది.

పైడి కిందటేడు ఏరు దాటి వచ్చిన ఎలుక పిల్ల. అంతకుముందూ అక్కడ కొర్రలు పండేవి. కానీ పండినవి పండినట్టే తినేసి, విత్తే వేళకి ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. "లావు కంకులు ముందే తీసి దాచండి. అవి తిండి కాదు, వచ్చే ఏడాది చేను" అని నేర్పింది పైడి. ముళ్ళపంది దగ్గర తను కంచె కట్టడం నేర్చుకుంది. ఈ ఏడు గాదెలు నిండాయి.

గాదెలు నిండగానే కోరయ్యకి కీర్తి మీద ఆకలేసింది.

"రాయరా సోమన్నా. సేద్యం ఈ అడవిలోనే పుట్టింది. కనిపెట్టింది మా వంశం. ఇకమీదట నన్ను సేద్యపితామహుడు అనాలి. ఏటి ఒడ్డున నా విగ్రహం పెట్టాలి."

"మరి పైడి..."

"దానికోసమేగా ఈ తీర్మానం! కొత్త పంట పండగనాడు గింజ ఇచ్చినవాళ్ళ పేరు చెప్పి కదా ముద్ద ముట్టాలి?"

అది ఆ అడవి ఆచారం. పేరు చెప్పకుండా తింటే మరుసటేడు గింజ మొలకెత్తదని వాళ్ళ నమ్మకం.

"ఈసారి ఒక్క పేరుతో సరిపోదు. ఇచ్చినవాళ్ళకి ఎవరిచ్చారు, వాళ్ళకెవరిచ్చారు, మొదటిదాకా చెప్పాలి. ఇది ఒకటి. ఆ మొదటివాళ్ళు ఏటి అవతలివాళ్ళయితే, చెప్పినవాళ్ళు ఏరు దాటి పోవాలి. రెండు. ఆ పిల్ల గడుసుది, నా గింజ నేనే కనిపెట్టానంటుంది. కాబట్టి సొంత పేరు చెల్లదు. మూడు. అందరి వంతూ అయ్యేదాకా ఎవ్వరూ ముద్ద ముట్టకూడదు. నాలుగు. రాశావా?"

రాయనని చెబుదామనుకున్నాడు సోమన్న. "రాశానండీ" అన్నాడు.

సాయంత్రం పైడికి చెప్పాడు.

"నువ్వే రాశావా?"

"మాటలు ఆయనవి. దస్తూరీ నాది."

"పోన్లే. నన్ను తరిమే ఆకు మీద అక్షరాలైనా గుండ్రంగా వచ్చాయా?" అంది పైడి.

సోమన్న కళ్ళు తుడుచుకుందామనుకున్నాడు. చేతుల నిండా సిరా.

పండగ రోజు వచ్చింది. ఎలుగుబంటి తేనె పోసి కొర్రన్నం వండింది. ఆ వాసనకి అడవంతా చెట్ల కింద బారులు తీరి కూర్చుంది.

"నాకు ముళ్ళపంది బావ ఇచ్చాడు" అంది కుందేలు.

"నాకు నెమలి దొరగారు" అన్నాడు ముళ్ళపంది.

నెమలి పింఛం విప్పి, "నాకు కోరయ్యగారింటి నుంచి వచ్చాయి. నేను అడగలేదు, వాళ్ళే పంపారు" అన్నాడు.

ఎవరి వంతు వచ్చినా పేర్ల వరస చివరికి కోరయ్య గుమ్మంలోనే ఆగింది. కోరయ్య ప్రతిసారీ కళ్ళు మూసుకుని తలాడించాడు.

పైడి వంతు వచ్చింది. "మా నాయనమ్మ ఎర్రవ్వ ఇచ్చింది. ఏటి అవతల ఉండేది. ఆమెకి కొండల అవతలి నుంచి వచ్చినవాళ్ళెవరో ఇచ్చారట. పేరు అడిగేలోపే ముందుకు సాగిపోయారట."

"విన్నారుగా! నడు, ఏరు దాటు!" అన్నాడు కోరయ్య.

పైడి విత్తనాల మూట భుజానికెత్తుకుంది. అందరి చూపూ అన్నం మీదే ఉంది.

"ఇక వడ్డించనా?" అంది ఎలుగుబంటి.

"ఆగండి" అని వినిపించింది. ఆ గొంతు తనదేనని సోమన్నకి కాసేపటికి గానీ తెలియలేదు. "అయ్యగారి వంతు కాలేదు."

"నాదేముందిరా? నేనే!"

"నిబంధన మూడు అండీ. సొంత పేరు చెల్లదు."

"అయితే మా అవ్వ ఇచ్చింది!"

"అవ్వకెవరిచ్చారు?" అంది కుందేలు. దానికి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

"అవ్వకా... భూదేవి!"

"ఆవిడది ఏ ఒడ్డు?" అన్నాడు ముళ్ళపంది.

"తొందరగా చెప్పండయ్యా, అన్నం చల్లారిపోతోంది!" అని ఎలుగుబంటి గరిట మోగించింది. "నిబంధన నాలుగు! నిబంధన నాలుగు!" అని బారులన్నీ అరిచాయి.

కోరయ్య అన్నం వైపు చూశాడు. విగ్రహం పెట్టాలనుకున్న ఏటి ఒడ్డు వైపు చూశాడు. మళ్ళీ అన్నం వైపు చూశాడు. కోర చివర నుంచి చొంగ కారింది.

"మా అవ్వ కూడా ఏరు దాటే వచ్చింది!" అని ఒక్క అరుపు అరిచాడు. "అక్కడ ఒక ఎలుక దాచుకున్న గింజలు దొంగతనంగా మేసి, తరిమితే ఈదుకుంటూ వచ్చిపడింది. ఇవతలి ఒడ్డున కడుపు ఖాళీ చేసుకుంది. మొదటి కొర్ర మొలిచింది అక్కడే! చాలా? ఇక పెట్టండి!"

సోమన్న కలం చేతిలోకి తీసుకున్నాడు. "ఆ ఎలుక పేరు?"

"ఎర్రవ్వ అని మా అవ్వ చెప్పేది" అని గొణిగాడు కోరయ్య.

కుందేలు వేళ్ళు లెక్కపెట్టుకుంది. "అయితే నిబంధన రెండు ప్రకారం అడవంతా ఏరు దాటాలా?"

"తిన్నాక దాటుదాం" అన్నాడు నెమలి.

అందరూ ఆ సవరణను ఏకగ్రీవంగా ఆమోదించారు. తిన్నాక ఎవరికీ గుర్తు లేదు.

కానీ వడ్డన మొదలవ్వకముందే పైడి మూట దించింది. "గుమాస్తా గారూ, మీ వంతు మిగిలిపోయింది. మీకెవరిచ్చారు?"

ఏటేటా "అధ్యక్షులవారు" అనడం అలవాటైన సోమన్న లేచి నిలబడ్డాడు. ఈసారి ఆ చివరి దాకా వినబడేలా చెప్పాడు. "పైడి ఇచ్చింది. నేనవి తిననూ లేదు, విత్తనూ లేదు. దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. పైడీ, నువ్వంటే నాకు ప్రాణం."

నీతి: ఎవరినైనా వచ్చిన చోటికి పొమ్మనాలనుంటే, మీ అవ్వ ఏం మేసి వచ్చిందో ఊళ్ళో ఎవరికీ తెలియకుండా చూసుకోండి.