క్లారా తల్లి గుడ్లు, కొండమీది రాడార్

శాన్ విదల్ పురపాలక సంఘం వారు తెలియజేయునది ఏమనగా, ఆదివారం జరిగే పడవల ఊరేగింపు సమయంలో పట్టణ పరిధిలో వాన పడరాదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వానకు సొంత చిరునామా లేకపోవడంచేత ఒక ప్రతిని కొండమీది రాడార్ కేంద్రానికి పంపించారు.

అందుకున్నది శాస్త్రవేత్త ఫెలీసా ఓర్బెతా. తుఫాను చుట్టూ తిరిగే వాన పట్టీల మీద ఆమె పరిశోధన. ఆదివారం మధ్యాహ్నానికి కుండపోత వానను చూపే ఎర్రటి పట్టీ ఒకటి సరిగ్గా జాలరివీధి మీదికి రాబోతోందని శనివారమే ఆమెకు తెరమీద కనిపించింది. ఆ వీధిలోని ఇళ్లన్నీ సముద్రంలో గుంజలు పాతి కట్టుకున్నవి. ఖాళీ చేయించకపోతే మనుషులు పోతారు. ఆమె పరుగున మేయరు దగ్గరికి వెళ్లింది.

మేయరు తెయొదులో రాగాస శాంతంగా విన్నాడు.

"డాక్టరమ్మా, ఈ రాడార్ పెట్టకముందు మా ఊరికి తుఫాను వచ్చాకే తెలిసేది. ఇప్పుడు రానివి కూడా కనిపిస్తున్నాయి. ఇది అభివృద్ధేనంటారా? పైగా ఎరుపు ప్రతిపక్షం రంగు. కాస్త పచ్చరంగు వేయించండి."

అలాగని మేయరుకు ముందుచూపు లేదనుకోకూడదు. తుఫాను తర్వాత పంచవలసిన బియ్యం సంచులు, ఆయన నవ్వుతున్న బొమ్మతో సహా, అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే ఫెలీసా జాలరివీధికి వెళ్లింది. చేపలమ్మే సబీనా పడవకు రంగుకాగితాలు కడుతోంది.

"అక్కా, గంటకు ఎనభై మిల్లీమీటర్ల వాన రాబోతోంది."

"మిల్లీమీటరంటే ఎంత?"

ఫెలీసా వేళ్లతో చూపించింది.

"ఎనభై అయితే మాత్రం? జానెడు కూడా లేదు. మా ఆయన వీడియోకే పాటల పెట్టె ముందు మైకు పట్టుకుని పాట ఎత్తుకుంటే అంతకన్నా ఎక్కువ చెమట కారుస్తాడు!"

వీధంతా నవ్వింది.

"అయినా వాన రాదులే తల్లీ. క్లారా తల్లికి గుడ్లు పంపిస్తున్నాం. వీధిపెద్ద అందరివీ కలిపి పట్టుకెళ్తున్నాడు."

వాన వద్దనుకున్నవాళ్లు కొండమీది సన్యాసినుల మఠంలో, పునీతురాలైన క్లారా తల్లికి గుడ్లు సమర్పించడం అక్కడి ఆచారం. రాడార్ మఠం పక్కనే ఉన్నా, దానికి ఇంతవరకూ ఎవరూ ఒక్క గుడ్డయినా ఇవ్వలేదు.

ఫెలీసా కొండవైపు చూసింది.

"ఈసారి వీధిపెద్దతో పంపితే చెల్లదట. ఎవరి గుడ్డు వాళ్లే ఇవ్వాలట, ఇంటిల్లిపాదీ వచ్చి. తెల్లారేదాకా కొండ దిగకూడదట."

ఆ మాటకు ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు. అలాంటి మాట ఆమె నోటివెంట రావడం అదే మొదలు.

"అయ్యో, ముందే చెప్పొద్దూ! ఒరేయ్, నాయనమ్మని లేపండ్రా!" అంది సబీనా.

గంట తిరక్కముందే వీధి ఖాళీ. ముసలివాళ్లూ, పసివాళ్లూ, పందులూ, చివరికి వీడియోకే పెట్టె కూడా కొండెక్కాయి. చూసే జనం లేని ఊరేగింపు ఎందుకని మేయరు కూడా ఊరందరికన్నా ఎక్కువ గుడ్లు మోయించుకుని వెనకే ఎక్కాడు.

వాన మధ్యాహ్నం తుఫాను గాలితో కలిసి వచ్చింది. ఫెలీసా చెప్పినంతా కురిసింది. జాలరివీధిలో గుంజలు మాత్రం మిగిలాయి. మనిషి ఒక్కడూ పోలేదు.

"నా ప్రత్యక్ష పర్యవేక్షణలో, క్లారా తల్లి సహకారంతో, తుఫానును విజయవంతంగా నిర్వహించాం!" అని మేయరు మఠం మెట్లమీద ప్రసంగించాడు. వెంటనే బియ్యం సంచులు పంచారు.

సన్యాసినులు ఉడకబెట్టిన గుడ్డు ఒలుచుకుంటూ సబీనా ఫెలీసా పక్కన కూర్చుంది.

"తల్లీ, ఈ వాన సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలుసు. నిన్ననే తెలుసు."

సబీనా చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది.

"తెలిసుండీ మాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

చదువుకున్నవాళ్లు విషయం కడుపులోనే దాచుకుంటారని శాన్ విదల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఊరివాళ్లను చూసి నవ్వదలచిన పాఠకులు, కిందటి తుఫానుకు తమ ఫోనుకు వచ్చిన హెచ్చరికను చదివారో, నిద్ర చెడగొట్టిందని తిట్టుకుని నోరు నొక్కేశారో ఒక్కసారి గుర్తుచేసుకుని, ఆ తర్వాత నిరభ్యంతరంగా నవ్వవచ్చును.